భోగి మంటలో పాత తలుపా... జాగ్రత్త!

ధనుర్మాసం వచ్చిందంటే తణుకు చుట్టుపక్కల ఇళ్లల్లో ఒకటే హడావుడి. గోడలకు వెల్ల, తలుపులకు రంగులు, అటక మీది సామాన్ల దులపరింపు. పనికిరాని కర్రాకంపా అంతా భోగి మంట కోసం ఓ మూలకు చేరుతుంది. మండువా లోగిలి విప్పి డాబా కట్టుకున్నవాళ్లింట్లో పాత కిటికీ రెక్కలూ ద్వారబంధాలూ మిగిలి ఉంటే పిల్లలకు ఇక పండగే. 'ఈసారి వీధిలో మన మంటే పెద్దది!' అని మురిసిపోతారు.

ఆ రెక్కల మీద రంగును ఓసారి గీకి చూస్తే... ఆకుపచ్చ కింద నీలం, దాని కింద పసుపు. తాతల నాటి పొరలన్నీ అక్కడే ఉంటాయి. చిక్కల్లా ఆ పాత రంగులతోనే. మెరుపు కోసం, త్వరగా ఆరడం కోసం వాటిలో సీసం కలిపేవారు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, మరుసటి ఏడాది నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు వేసిన రంగుల్లో ఎంతుందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

కర్ర కాలిపోతుంది. సీసం కాలిపోదు! కొంత పొగతో లేస్తుంది, మిగతాది బూడిదలో ఉండిపోతుంది.

ఈ సంగతి పారిస్ నగరానికి 2019లో బాగా తెలిసొచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 15న నోటర్‌డామ్ చర్చి తగలబడింది. పైకప్పులోనూ శిఖరంలోనూ ఉన్న సీసం 400 టన్నుల పైమాటే. మంట తెల్లారేసరికి అదుపులోకి వచ్చింది. సీసం ధూళి మాత్రం నెలల తరబడి వేధించింది. వేసవిలో చర్చి పనులు కొన్నాళ్లు ఆపేశారు. దగ్గర్లోని బడుల ఆవరణలు కడిగించారు. చిన్నపిల్లలకూ గర్భిణులకూ రక్తపరీక్షలు చేయించుకోమన్నారు. ఇళ్లను తడిగుడ్డతో తుడుచుకోమన్నారు.

మనకూ సీసం పేరు కొత్త కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన రక్తనమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణుల అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. కానీ 'సీసం మన ఒంట్లోకెలా వచ్చింది?' అన్న ప్రశ్న మాత్రం ఇంటింటా వినిపించింది.

భోగి మంట నోటర్‌డామ్ అంతటిది కాదు, నిజమే. కానీ మన పిల్లలు దాని పక్కనే నిలబడతారు. దానిమీద కాచిన నీళ్లతోనే తలంట్లు. కొన్ని ఇళ్లల్లో ఆ బూడిద నుదుటికీ, అంట్లకూ, పెరటి మొక్కలకూ! పసిపిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. నోట్లోకి వెళ్లిన సీసాన్ని వాళ్ల ఒళ్లు పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. జ్వరం రాదు, దగ్గు రాదు. నెమ్మదిగా రక్తహీనత, చదువులో వెనకబాటు, చిరాకు. 'వీడికి శ్రద్ధ లేదు' అని తిట్టేస్తాం. ఇంత వరకైతే ఫరవాలేదు అనదగ్గ మోతాదు సీసానికి లేదంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

అలాగని పండగ మానుకోనక్కర్లేదు. పిడకలు, రంగు వేయని కర్రలు, ఎండు కొమ్మలతో భోగి మంట భేషుగ్గా వెలుగుతుంది. రంగు వేసిన చెక్కను మాత్రం మంటలోనూ, నీళ్ల పొయ్యిలోనూ పెట్టకండి. పాత తలుపులకు మళ్లీ రంగు వేయిస్తుంటే పొడిగా గీకించకుండా తడిపి రుద్దించండి. ఆ పూట పిల్లల్నీ గర్భిణుల్నీ దూరంగా ఉంచండి. రాలిన పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. పనివాళ్లకు ముక్కుకు అడ్డుగా మాస్కు, పని కాగానే సబ్బూ నీళ్లూ ఇవ్వండి. పిల్లలకు పాలు, తోటకూర, మునగాకు, రాగులు పెట్టండి. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంట్లోకి సీసం తేలిగ్గా చేరుతుంది. అనుమానం ఉంటే రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి.

భోగి అంటే పాతను వదిలించుకోవడమే కదా. వదిలించుకున్నది మళ్లీ మన పిల్లల ఒంట్లోకే చేరితే ఎలా?