ఇఱ్ఱికి హాజరుపట్టీ

తెలుగు పాఠం చెప్పేవాడికి జింక మహా సుఖమైన జంతువు. దుష్యంతుడు తరిమిన జింక, సీతమ్మ కోరిన జింక, మునుల కృష్ణాజినం - ఇవి చాలు, గంట ఇట్టే గడిచిపోతుంది. ఆ సుఖానికి మొన్న శనగ మొలకెత్తిన రోజుల్లో భంగం కలిగింది.

కృష్ణసారం స్వేచ్ఛగా తిరిగే నేల యజ్ఞయోగ్యమని మనుధర్మశాస్త్రం చెప్పిందని ప్రొద్దుటూరులో క్లాసులో అన్నాను. వెనుక బెంచీ కుర్రవాడు లేచి, "అయితే మా చేను యజ్ఞవాటికే, సార్! రాత్రి 40 వచ్చినాయి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. అతడు మాత్రం నవ్వలేదు.

ఆదివారం బస్సెక్కి, జమ్మలమడుగు అవతల వాళ్ల ఊరికి వెళ్లాను. నల్లరేగడి చేలో మంచె. మంచెమీద కుర్రవాడి తండ్రి, చేతిలో టార్చిలైటు. దూరాన బీడులో మెలికల కొమ్ముల నల్లని ఇఱ్ఱి. దాని చుట్టూ గోధుమవన్నె లేళ్లు.

"చూసేకి బాగుంటాయి సారూ. ఎండాకాలం వంకల్లోకి, పెన్న గట్టుకు పోతాయి. వానపడితే బీళ్లలో ఉంటాయి. శనగ మొలిస్తే ఇట్లా వచ్చాండాయి. ఉచ్చు పెట్టేకి చేయి రాదు, చట్టమూ ఒప్పదు. పైరు పోతే అప్పెవరు తీర్చల్ల?"

నా దగ్గర జవాబు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో పెట్టింది. అది మన రాష్ట్ర జంతువు కూడా. గౌరవం రాష్ట్రానిది, మేత మాత్రం ఈ రైతుది.

అమెరికాలో వయోమింగు రాష్ట్రంలో కంచరగాడిద చెవులున్న దుప్పులు ఉన్నాయి. మ్యూల్ డీర్ అంటారు. వాటి మెడలకు పట్టీలు కట్టి జాడ తీసిన పరిశోధకులు, కొన్ని ఏటా దాదాపు 240 కిలోమీటర్లు వలస పోతాయని 2014లో ప్రకటించారు. చలికాలం ఎడారి మైదానంలో, వేసవి కొండల్లో. కొత్త పచ్చిక ఎటు మొలుస్తుంటే అటు నడక. దారి తెలిశాక కంచెలు సవరించారు. ఒక సరస్సు దగ్గరి ఇరుకు దారిలో నేల కొని కాపాడారు. దారి తెలియనిదే ఉపాయం తోచదు గదా!

మన ఇఱ్ఱి అంత దూరం పోదు. మేతకూ నీటికీ చుట్టుపక్కలే తిరుగుతుంది. ఆ తిరుగుడు మంచెమీది మనిషికి కంఠతా వచ్చు. పట్టీ అక్కరలేదు, పుస్తకం చాలు. ఆయన మాట కాగితం మీద ఉంటే, నష్టపరిహారం అడగడానికీ, బీళ్లలో మేత ఎక్కడ మిగల్చాలో తేల్చడానికీ ఆధారం ఉంటుంది.

ఆ కుర్రవాడికి ఒక నోటుపుస్తకం ఇచ్చి వచ్చాను: తేదీ, చేను, ఎన్ని, ఎటునుంచి ఎటు.

పులివెందులలో చీనీతోట ఉన్న మా బావగారు ఇది విని, "జింకలకు హాజరుపట్టీ వేస్తావా?" అని ఎగతాళి చేశారు.

వేస్తాను. మా విద్యార్థులకంటే అవే వేళకు వస్తాయి.