మీటల మీద బొమ్మలు

ఈ సంచిక ప్రధానాంశం పసిపిల్లల పియానో శిక్షణ. అందులోనూ వర్ణనాత్మక సంగీతం, అంటే మాటల సాయం లేకుండా స్వరాలతోనే ఒక దృశ్యాన్నో పాత్రనో స్ఫురింపజేసే రచన, ఆ శిక్షణలో వహించే పాత్ర. 1848లో జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ తన పెద్ద కుమార్తె మరీ ఏడవ పుట్టినరోజుకు కానుకగా కూర్చిన కొద్దిపాటి రచనలే పెరిగి, 43 రచనల బాలల ఆల్బమ్‌గా రూపొందాయి. అందులో దుడుకు రౌతును చిత్రించే చిన్న రచన స్టకాటోతో, అనగా స్వరాన్ని సాగదీయక తుంచి పలికించే పద్ధతితో, గుర్రపు దౌడును వినిపిస్తుంది. నడుమ బాణీ ఎడమచేతికి మారడంతో, సాధారణంగా వెనుకబడే ఆ చేయి సైతం, పాఠమన్న స్పృహ లేకుండానే, కథను నడిపించవలసి వస్తుంది. అదే పనిని పొడి స్వరాభ్యాసాలతో చేయించబోతే పిల్లలు ఎంత మొరాయిస్తారో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

షూమన్ బాటలోనే 1878లో రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ 24 రచనల బాలల ఆల్బమ్‌ను వెలువరించాడు. బొమ్మకు జబ్బు చేయడాన్నీ, దాని అంత్యక్రియలనూ విషాదఛాయ గల మైనర్ శ్రుతుల్లో చిత్రించిన ఆయన, బాల్యమంటే కేరింతలేనని భావించే పెద్దలకన్నా పిల్లలను బాగా ఎరిగినవాడు. హంగరీకి చెందిన జ్యోర్జ్ కుర్టాగ్ 1973 నుండి రాస్తూ వచ్చిన 'ఆటలు' సంపుటాలు మరింత ముందుకు వెళ్లి, అరచేతితోనూ ముంజేతితోనూ ఒకేసారి అనేక మీటలను నొక్కనిస్తాయి. వేళ్ల అమరిక కుదరకముందే ఇంత స్వేచ్ఛ తగునా అన్న సందేహం సహేతుకమే అయినా, వాద్యమంటే భయం పోవడం అంతకన్నా ముందు జరగవలసిన పని.