పక్కవారి మెయిల్ మన ఇన్‌బాక్స్‌లో పడితే



వీలున్నప్పుడు ఒకసారి మీ మెయిల్ తెరిచి, మీకు గానీ మీ పిల్లలకు గానీ సంబంధం లేనివి ఏమైనా వచ్చాయేమో చూడండి. ప్రకటనల సంగతి కాదు నేను చెప్పేది. ఎవరిదో బస్సు టికెట్, ఎవరిదో ల్యాబ్ రిపోర్ట్, ఎవరి పాపకో సంబంధించిన ఫీజు రిమైండర్ లాంటివి. దొరికితే మనం ఏం చేస్తాం? "ఏదో చెత్త" అనుకుని డిలీట్ చేసేస్తాం. అది చెత్త కాదని నా అభిప్రాయం. మీకు పొరపాటున ఒక మెయిల్ వచ్చిందంటే, అందాల్సిన మనిషికి అది అందలేదన్నమాట. ఆ మనిషి మనకు కనిపించడు కాబట్టి మనకు పట్టదు.

నా పేరు మన తెలుగు రాష్ట్రాల్లో వీధికి ఇద్దరికి ఉండే పేరు. అందువల్ల కొంతకాలం వేరే ఊళ్లో, వేరే స్కూల్లో చదివే ఒక బాబు ఉత్తరాలన్నీ నాకు వచ్చేవి. మొదట బస్సు రూటు మారిందని వచ్చింది. తర్వాత ప్రోగ్రెస్ రిపోర్ట్: సబ్జెక్టుల వారీగా మార్కులు, హాజరు శాతం, లెక్కల్లో శ్రద్ధ తగ్గిందని క్లాస్ టీచర్ రాసిన మాట. ఆ తర్వాత ఫీజు బాకీ గురించి "మూడోసారి గుర్తుచేస్తున్నాం" అంటూ కాస్త ఘాటుగా ఒకటి. ఆ తండ్రికి మొదటిదే అందలేదు. స్కూలు లెక్కలో ఆయన పట్టించుకోని మనిషి, ఆయన లెక్కలో స్కూలు ఏమీ చెప్పలేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, మధ్యలో నష్టపోయేది పిల్లవాడు. జవాబు రాస్తే అది జవాబులు తీసుకోని అడ్రస్ అని తిరిగి వచ్చింది. వాళ్ల వెబ్‌సైట్‌లో నంబరు వెతికి ఫోన్ చేస్తే, కౌంటర్లో ఉన్నమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న: "మీ బాబు అడ్మిషన్ నంబరు చెప్పండి సార్." వాడు మా బాబు కాదని ఒప్పించడానికి పది నిమిషాలు పట్టింది. ఏమైతేనేం, ఆ నెల నుంచి మెయిల్స్ ఆగిపోయాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆలోచిస్తే, మన పేర్లలోనే సగం కారణం ఉంది. సునీత అన్న పేరే తీసుకోండి. తెలుగులో ఒక్కటే స్పెల్లింగ్. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మనం 'టీ' తర్వాత 'హెచ్' పెడతాం, ఉత్తరాది వాళ్లు పెట్టరు. లక్ష్మిలో 'ఎక్స్' ఉంటుందా, 'కే ఎస్ హెచ్' ఉంటుందా? ఇంటిపేరు ముందా, చివరా? అడ్మిషన్ రోజున క్యూలో నిలబడి "నా పేరే మేడమ్, చివర ఒకటి రెండు మూడు" అని నోటితో చెప్పేస్తాం. అవతల వాళ్లు విన్నట్టు టైప్ చేస్తారు. ఒక 'హెచ్' తగ్గితే మెయిల్ వెనక్కి తిరిగి రాదు. ఆ ఐడీ ఉన్న ఇంకెవరికో నేరుగా వెళ్లిపోతుంది. పోస్ట్‌మన్ అయితే "ఏ సుబ్బారావు గారు, రైస్‌మిల్లు సుబ్బారావు గారా, మాస్టారు సుబ్బారావు గారా?" అని అడిగేవాడు. మెయిల్‌కు ఆ అడిగే మనిషి లేడు.

చుక్కల గురించి కూడా చాలామందిలో ఒక అపోహ ఉంది. రవి, కుమార్ మధ్య చుక్క పెడితే అది వేరే ఐడీ అనుకుంటారు. జీమెయిల్ చుక్కలను లెక్కలోకే తీసుకోదు. చుక్క ఉన్నా లేకపోయినా ఆ ఖాతా ఒక్కటే, దాని యజమాని ఒక్కరే. చుక్క తేడాతో ఇంకొకరికి అదే పేరు ఇవ్వదు కూడా. కాబట్టి "చుక్క ఉన్నది నాది, లేనిది వేరేవాళ్లది" అని ఎవరైనా అంటే, వాళ్లు తమ ఐడీలోని ఒక అంకెనో అక్షరాన్నో మర్చిపోయి ఉంటారు. ఆఫీసులు, కాలేజీలు సొంతంగా ఇచ్చే మెయిళ్లలో మాత్రం చుక్కకు విలువ ఉండవచ్చు.

అక్షరం పోతే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. అమెరికా సైన్యం మెయిల్ ఐడీల చివర 'డాట్ ఎంఐఎల్' అని ఉంటుంది. ఒక్క 'ఐ' తప్పిపోతే అది 'డాట్ ఎంఎల్' అవుతుంది. అది పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు డొమైన్. ఏళ్ల తరబడి లక్షల మెయిల్స్ అలా మాలి వైపు వెళ్లాయని, వాటిలో వైద్య వివరాలు, ప్రయాణ వివరాలు కూడా ఉన్నాయని 2023 జూలైలో పత్రికల్లో వచ్చింది. సైన్యానికే తప్పనిది, అడ్మిషన్ల సీజన్లో కౌంటర్ దగ్గర తప్పుతుందా?

మన దగ్గర నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది మాత్రం స్పెల్లింగ్ కాదు, నెట్ సెంటర్ అలవాటు. పోటీ పరీక్షల దరఖాస్తులు చాలా ఇళ్లలో ఇప్పటికీ నెట్ సెంటర్లోనే నింపిస్తారు. "మెయిల్ ఐడీ ఏం పెట్టమంటారు?" అని అతను అడుగుతాడు. "మాకు లేదు బాబూ, నీదే ఏదో ఒకటి పెట్టు" అంటాం. అతను తనది పెడతాడు. అతని తప్పేమీ లేదు, రోజుకు ఎన్నో ఫారాలు నింపే మనిషి. కానీ ఆ క్షణంలో మనం ఏం ఇచ్చామో చూడండి. అడ్మిట్ కార్డు కబురు, ఫారంలో తప్పులు దిద్దుకునే గడువు, కౌన్సెలింగ్ తేదీలు అన్నీ అతని ఇన్‌బాక్స్‌కు వెళ్తాయి. వందల మంది పిల్లల మెయిల్స్ మధ్య మన అమ్మాయిది ఎక్కడో ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్తది పెట్టుకునే లింకు ఆ మెయిల్‌కే రావచ్చు. మెయిల్ ఎవరి చేతిలో ఉంటే దరఖాస్తు తాళం వాళ్ల చేతిలో ఉన్నట్టే. జేఈఈ మెయిన్, నీట్ లాంటి పరీక్షలు నిర్వహించే ఎన్‌టీఏ, దరఖాస్తులో ఇచ్చే మెయిల్, మొబైల్ నంబరు విద్యార్థివి లేదా తల్లిదండ్రులవే అయి ఉండాలని తన సమాచార బులెటిన్లలోనే చెబుతుంది. ఆ పేజీలు మనం చదవం, అతనికి చదివే తీరిక ఉండదు.

పదో తరగతికి వచ్చేసరికి పిల్లలకు సొంత మెయిల్ ఐడీ ఉండాలని నేను గట్టిగా అంటాను. మన దేశంలో 13 ఏళ్లు నిండితే గూగుల్ ఖాతా తామే నడుపుకోవచ్చు, అంతకు చిన్నవాళ్లకు తల్లిదండ్రుల పర్యవేక్షణలో ఉండే ఖాతా తెరవవచ్చు. ఐడీలో హీరో పేరూ, క్రికెటర్ జెర్సీ నంబరూ వద్దు. రేపు కౌంటర్లో బిగ్గరగా చెప్పుకోవాల్సినది అదే మరి. పాస్‌వర్డ్ ఇంట్లో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. రికవరీ నంబరుగా మీ ఫోనే ఇవ్వండి, పాత సిమ్ నంబరు కాదు.

ఇక మనకు వచ్చిన పరాయి మెయిల్ సంగతి. పేరు, క్లాసు, స్కూలు కనిపించగానే అది మనది కాదని తెలిసిపోతుంది. అక్కడే ఆగిపోవాలి. అటాచ్‌మెంట్ తెరిచి మార్కులు చూడాల్సిన పని లేదు. "చూడండి, ఎవరి ఫీజు బాకీయో నాకొచ్చింది" అని స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడమైతే నా దృష్టిలో పరమ అన్యాయం. ఆ గ్రూపులో ఆ కుటుంబాన్ని ఎరిగినవాళ్లు ఒక్కరున్నా చాలు. పంపింది మనిషైతే "ఇది నాది కాదు, సరైన చిరునామా చూసుకోండి" అని ఒక్క వాక్యం రాయండి. యంత్రం పంపిందైతే, మెయిల్‌లో ఉన్న లింకులు నొక్కకుండా, ఆ సంస్థ నంబరు విడిగా వెతికి చెప్పండి. కొందరు అతి సహాయానికి పోయి, పాస్‌వర్డ్ మార్చి లోపలికి వెళ్లి ఖాతా మూసేద్దామనుకుంటారు. వద్దు. అనుమతి లేకుండా ఇతరుల ఖాతాలోకి వెళ్లడాన్ని 2000 నాటి ఐటీ చట్టం ఒప్పుకోదు.

పొరపాటున వచ్చినట్టు నటించే మోసాలూ ఉన్నాయి, అది మర్చిపోవద్దు. తెలియని చోటు నుంచి బిల్లు పేరుతో అటాచ్‌మెంట్ వస్తే తెరవకుండా స్పామ్‌లో వేయండి. "అన్నా, నా ఓటీపీ పొరపాటున మీకొచ్చింది, కాస్త చెప్పండి" అని ఎవరైనా ఎంత బతిమాలినా చెప్పకండి. అది దాదాపు ఎప్పుడూ మీ ఖాతా ఓటీపీయే అయి ఉంటుంది. అప్పటికే చెప్పేసి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

స్కూళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. ఈ పత్రిక మనదే కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. అడ్మిషన్ సమయంలో రాసుకున్న ఐడీకి ఒక పరీక్ష మెయిల్ పంపి, జవాబు వచ్చాకే దాన్ని రికార్డులో ఖాయం చేయాలి. ప్రోగ్రెస్ రిపోర్టులను పాస్‌వర్డ్ లేని ఫైలుగా పంపకూడదు. సర్క్యులర్ పంపేటప్పుడు తల్లిదండ్రులందరి ఐడీలు అందరికీ కనిపించేలా పెట్టకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది, తప్పుగా ఉన్న వివరాలను దిద్దించుకునే హక్కునూ గుర్తిస్తుంది. దిద్దమని అడగడం మనం చేసే ఫిర్యాదు కాదు, స్కూలు చేసే ఉపకారమూ కాదు.

వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ఆఫీసు కౌంటర్ దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. మీ పేరిట ఏ ఐడీ రాసి ఉందో చదవమనకండి, స్క్రీన్ మీదే చూపించమనండి. ఒక్కో అక్షరం చూసుకున్నాక, ఒక మెయిల్ పంపమని అడిగి, మీ ఫోన్‌కు వచ్చేదాకా అక్కడే నిలబడండి. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటే ఈ పేజీ చూపించండి.