గిన్నె మీద పేరెవరిది?

"ఇందులో ఆడమనిషేదమ్మా?" అని అడిగారు న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన.

జగ్గయ్యపేటలో చిత్రలేఖనం పోటీ. అంశం 'స్త్రీ'. నందిగామ నుంచి బస్సులో, కిటికీ గాలికి అట్ట ఎగిరిపోకుండా ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ ఆనించి పట్టుకొచ్చిన బొమ్మ నాది. వంటింటి అలమర, మూడు వరసల గిన్నెలు, కింద ఒక ఇత్తడి బిందె. మనిషి లేని మాట నిజమే. కానీ గిన్నెల మీద పేర్లున్నాయి. ఆయన కళ్లజోడు సర్దుకున్నారే గానీ ఆ పేర్లు చదవలేదు.

తర్వాత మైకు దగ్గర పావుగంట మాట్లాడారు. ఈ కాలం పిల్లలు విశ్లేషణ పేరుతో కవిత్వానికి శవపరీక్ష చేస్తున్నారన్నారు. ఆడవాళ్ల కష్టాల మీద కవితలూ బొమ్మలూ పట్నం నుంచి దిగుమతైన సరుకన్నారు. మన సంప్రదాయం స్త్రీని రత్నమంది, దేవతంది, కాబట్టి బొమ్మలో లావణ్యం ఉట్టిపడాలన్నారు. పెద్దాయన కదా అని తలూపి వచ్చేశాను. ఆ తలూపడం తప్పు. బహుమతి రాలేదన్న ఉక్రోషం ఉందా అంటే ఉంది, దాచను. కానీ ఆయన చెప్పిన మూడు మాటల్లో ఒక్కటీ ఆయన నిలబడి మాట్లాడిన ఊళ్లోనే చెల్లదు.

ముందు రత్నం సంగతి చూద్దాం. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు అనే గుట్ట ఉంది. 1882లో జేమ్స్ బర్గెస్ అక్కడ తవ్వించి బౌద్ధ స్తూపాన్ని బయటపెట్టాడు. అక్కడ దొరికిన పలకల్లో పేరుమోసినది ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే మబ్బుల్లోంచి నాణేలు రాలుతుంటాయి. చుట్టూ ఆయన సప్తరత్నాలు. చక్రం, ఏనుగు, గుర్రం, మణి, ఆ తర్వాత స్త్రీ, ఆ పైన గృహపతి, పరిణాయకుడు. బౌద్ధ గ్రంథాలు చెప్పే వరస అది. అయిదో స్థానం. గుర్రం తర్వాత, మణి తర్వాత. పెద్దాయన గర్వంగా చెప్పిన 'స్త్రీరత్నం' మన ఊరి రాతి మీద చక్రవర్తి ఆస్తుల జాబితాలో ఒక పద్దు. చెక్కడం గొప్పదే. సన్నని గీతలు, తీరైన నిలకడ. లావణ్యానికేం లోటు లేదు. ఆమె పేరు మాత్రం ఎవరికీ తెలియదు. రత్నానికి పేరెందుకు?

అదే స్తూపం దగ్గర ఆయక స్తంభాల మీద ఇంకో సంగతి రాసి ఉంది. ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి అయిదు స్తంభాలు నిలబెట్టాడు. ఆ రాజే మాఠర గోత్రపు ఆడపడుచు కొడుకునని చెప్పుకున్నవాడు. ఇక శిల్పి తన పేరు, తండ్రి పేరు చెప్పుకుని ఆగలేదు. తల్లి నాగిలని, భార్య సముదని, సోదరుడి భార్య కనిక అని పేరుపేరునా చెప్పించాడు. ఇంట్లో ఆడపిల్లల పేర్లు కూడా వదల్లేదు. సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందటి మాట. పలక మీద అందమైన స్త్రీ ఉంది, పేరు లేదు. స్తంభం మీద స్త్రీ ఆకారం లేదు, పేర్లున్నాయి. ఈ రెండిట్లో ఆడమనిషి ఎక్కడుందని ఆయన్ని అడగాలనుంది. సంప్రదాయం ఒక్కటే అయినట్టు మాట్లాడితే ఎలా? మనకి ఆ పలకా ఉంది, ఈ స్తంభమూ ఉంది. ఏది మనదో ఎంచుకునేది చూసేవాళ్లే.

పట్నం సరుకన్న మాట మరీ విడ్డూరం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ తెలియని ఇల్లు మా వైపు ఉందా? అనిగండ్లపాడు ఆడపడుచు, పెనుగంచిప్రోలు కోడలు. అత్తింటి ఆరళ్లు, జబ్బుపడితే పశువుల కొట్టంలో పడుకోబెట్టడం, చివరికి మంటల్లో చావు. ఆ కథను పాటగా కట్టుకుని, తిరునాళ్లలో పాడుకుని, ఆమెను గుళ్లో పెట్టి మొక్కుతున్నాం. రెండేళ్లకోసారి ఆ అమ్మవారి విగ్రహాలకు రంగులు వేయించడానికి మునేటి ఒడ్డు నుంచి ఎక్కడికి తెస్తారు? జగ్గయ్యపేటకే. పాత రంగు గీకి, కొత్త రంగు పూసి, కళ్లు దిద్ది, మళ్లీ ఊరేగింపుగా పంపిస్తారు. అంటే ఒక బాధపడ్డ కోడలి బొమ్మను ఈ ఊరి చేతులు ఏడాది మార్చి ఏడాది దిద్దుతూనే ఉన్నాయి. ఇంతకంటే నాటు సరుకు ఇంకేముంది? అయితే ఒకటి, దేవతను చేసి మొక్కడంతో పశువుల కొట్టం సంగతి మర్చిపోవడం తేలికవుతుంది. పెద్దాయన వాడిన 'దేవత' అనే మాటలో ఉన్న సుళువు అదే.

కవిత్వంలోనూ ఇది నిన్నటి వేషం కాదు. తంజావూరులో కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. దశాబ్దాల తర్వాత ప్రకాశం పంతులు కాలంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. దిగుమతి సరుకైతే ఇక్కడి పద్యం మీద ఇక్కడ అంత గొడవెందుకు?

ఇక శవపరీక్ష. ఇక్కడ ఆయనకి సగం మాట ఒప్పుకుంటాను. మా గైడుల్లో ఉండే విశ్లేషణ నిజంగానే శవపరీక్షే. 'ఇచట కవయిత్రి స్త్రీల ఆవేదనను హృద్యముగా వర్ణించినది' అని రాస్తే అయిదు మార్కులు. కవిత చదవకపోయినా ఆ వాక్యం రాయొచ్చు, నేనూ రాశాను. కానీ పెద్దాయన కోపం దాని మీద కాదు. పద్యంలో మాట్లాడుతున్నదెవరు, ఎవరి కోసం అని అడగడం మీద. తమాషా ఏమిటంటే, భరతుడి నాటి నుంచి మనం నాయికని ఎనిమిది రకాలుగా విడదీశాం. వాసకసజ్జిక, ఖండిత, అభిసారిక, ఇలా. ఆమె మొగుడు ఇంట్లో ఉన్నాడా, ఊరెళ్లాడా, ఇంకొకరి దగ్గర పడుకుని వచ్చాడా అన్నదే కొలత. అది చాలదన్నట్టు పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అని ఒంటిని బట్టి ఇంకో నాలుగు. ఇన్ని ముక్కలు చేస్తే రసికత. మేం ఒక్క ప్రశ్న అడిగితే శవపరీక్ష.

నా బొమ్మ పుట్టింది ఆ ప్రశ్నలోంచే. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం కాలేజీలో మేడమ్ చదివించారు. అందులో విమల 'వంటిల్లు' కవితను మొదటిసారి చదివి బాగుందనుకుని పక్కన పెట్టాను. రెండోసారి వరస గమనించాను. చిన్నప్పటి వంటింటి వాసనల దగ్గర మొదలై, ఆ గది మెల్లగా మారిపోయాక గానీ గిన్నెల మీద తండ్రి పేరు కనిపించదు. ఆ పేరు మొదట్లోనే చెప్పేసి ఉంటే ఫిర్యాదు అయ్యేది. ముందు మనని ఆ గదిలో తిప్పి, అది అమ్మదేనని నమ్మించి, అప్పుడు పేరు చూపిస్తుంది. ఇది కనిపెట్టినందుకు కవిత చచ్చిపోలేదు. పుస్తకం పట్టుకునే లేచి వంటింట్లోకి వెళ్లాను.

మా స్టీలు గిన్నెల మీద నాన్న పేరు. ఎందుకని అమ్మని అడిగితే, "పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఇస్తాం, కలిసిపోవూ? మీ నాన్న పేరైతే ఎవరైనా తెచ్చిస్తారు" అంది. న్యాయమైన కారణమే. అడుగున అమ్మమ్మ ఇత్తడి బిందె ఉంది. చింతపండు పెట్టి తోమితే మెడ చుట్టూ రెండు వరసలు బయటపడ్డాయి. పై వరస సారె పెట్టినప్పుడు కొట్టించిన ఆవిడ తండ్రి పేరు, చుక్కలు చుక్కలుగా. కింది వరస మా తాతయ్య పేరు, కొంచెం వంకరగా. అరవై ఏళ్లు ఆ బిందె మోసిన మనిషి పేరు రెండిట్లోనూ లేదు.

నాలా ఆడవాళ్ల కష్టాలు గీసేవాళ్లతోనూ నాకో పేచీ ఉంది. స్త్రీ అనగానే సంకెళ్లు, పంజరం, చెంప మీద కన్నీటి బొట్టు. పోటీకి వచ్చిన వాటిలో సగం అవే. నా మొదటి చిత్తులోనూ పంజరంలో చిలక ఉంది, సిగ్గేసి చించేశాను. పైగా ఏ ఆడపిల్లని గీసినా నా చేతికి బాపు కళ్లే వస్తాయి. చిన్నప్పటి నుంచి వారపత్రికలు చూసి గీసిన చెయ్యి మరి. మా అమ్మమ్మకి అలాంటి కళ్లు లేవు. మిరప కోతలకు పోయి ఆ చేత్తోనే తుడుచుకుని ఎర్రబడ్డ కళ్లు. నాకు ఆ కళ్లు గీయడం రాదు. రానప్పుడు అందమైన అబద్ధం గీయడం కన్నా ఆవిడ బిందె గీయడం మేలనిపించింది. బొమ్మలో గిన్నెల మీద నాన్న పేరు చెరిపి నాగిలని, సముదని, కనిక అని రాశాను. బిందె మెడ మీద మూడో వరసలో అమ్మమ్మ పేరు.

మొదటి బహుమతి వచ్చిన బొమ్మలోనూ బిందె ఉంది. మునేటి గట్టు, సన్నని నడుము, దాని మీద వాలుగా బిందె. గీసినవాడి చెయ్యి మంచిది, ఆ మాట ఒప్పుకోవాలి. దగ్గరికెళ్లి చూశాను. ఆ బిందె మీద ఏ పేరూ లేదు.

ఇది చదివే పెద్దలకు ఒక మనవి. 'ఇందులో ఆడమనిషేదీ' అని ఇంకో పిల్లని అడిగే ముందు మీ ఇంట్లో ఏదైనా పాత బిందె ఉంటే చింతపండు పెట్టి తోమించకండి, మీరే తోమండి. మెడ తిప్పి చదవండి.