సంపాదకుని మాట: భయం ఇంటికొచ్చాక

దర్శకుడు హిచ్‌కాక్ 1960లో ‘సైకో’ సినిమా విడుదల చేసినప్పుడు, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకు షరతు పెట్టాడు. ఆ పట్టు ఇంట్లో కుదరదు. ‘నిశ్శబ్దం’ 2020లో, ‘దృశ్యం 2’ 2021లో థియేటర్లకు కాక నేరుగా ఓటీటీకి, అంటే ఇంటికే వచ్చిన థ్రిల్లర్లు. తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా సరిగ్గా అనుమానం ముదిరే ఘట్టంలోనే కుక్కర్ కూత వేస్తుంది. ఎవరో ఒకరు రిమోట్ నొక్కి ఆపేస్తారు. ఉలికిపాటుకు ఒక్క క్షణం చాలు. మనసులోకి మెల్లగా దిగే కలవరానికి మాత్రం తెంపులేని సమయం కావాలి.

ఆపుకునే వీలే కదా ఇంటి సుఖం, నవలను మూసిపెట్టి మళ్లీ చదవమా అనొచ్చు. నిజమే. త్రిపురనేని గోపీచంద్ రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’లో కథానాయకుడు సీతారామారావు పతనం విడతలుగా చదివినా వెంటాడుతుంది. కానీ నవల వేగం పాఠకుడి చేతిలో ఉంటుంది, సినిమా వేగాన్ని ఎడిటర్ ముందే కూర్చి పెడతాడు. మనం ఆపిన ప్రతిసారీ ఆ కూర్పు చెడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆపక తప్పదన్న మాట కాదనలేం; అలాంటప్పుడు వాళ్లు నిద్రపోయాకే మొదలుపెట్టడం మేలు. ఈసారి ఫోన్ పక్కగదిలో పెట్టి, ఒక్క థ్రిల్లర్‌ను చివరిదాకా ఆపకుండా చూడండి. ఎలా ఉందో మాకు రాయండి.