కమీషన్ చేతికొచ్చేదాకా ఎవరు ఆగగలరు?

హైదరాబాద్‌లో అమీర్‌పేట, మాదాపూర్ చుట్టుపక్కల కన్సల్టెన్సీల్లో రిక్రూటర్లుగా చేరుతున్న మొదటి తరం డిగ్రీ, ఎంబీఏ పిల్లల్లో మనవాళ్లూ ఉన్నారు. రెండేళ్లు తిరిగేసరికి వాళ్ల ముందుకు ఒక మాట వస్తుంది: "జీతానికి ఎందుకు కష్టపడటం? ఫ్రీలాన్స్ చెయ్, ఒక్కో జాయినింగ్‌కి సగం ఫీజు నీదే." ఈ మాటను మేము లెక్కలో పెట్టి చూశాం.

ఒకరిని ఉద్యోగంలో చేర్పించినందుకు కంపెనీ కన్సల్టెన్సీకి ఇచ్చే ఫీజుకు వాడుకలో ఉన్న కొలత 8.33 శాతం, అంటే అభ్యర్థి ఒక నెల జీతం. ఏడాదికి 6 లక్షల ఉద్యోగమైతే ఫీజు సుమారు 50,000. అందులో సగం, 25,000 ఫ్రీలాన్సర్‌దనుకుందాం. నెలకొకరు చొప్పున చేరితే ఏడాదికి 3 లక్షలు. అదే పని నెలకు 20,000 జీతానికి చేస్తే 2 లక్షల 40 వేలు. (లెక్క కోసం మేము పెట్టుకున్న అంకెలివి. మీవి మీరు వేసుకుని చూడండి.) పైకి చూస్తే ఫ్రీలాన్స్‌కే 60 వేలు ఎక్కువ.

ఇప్పుడు కనిపించనివి కలపాలి. పీఎఫ్ లెక్కగట్టే వేతనం 15,000 అయితే యజమాని వాటా 12 శాతం, నెలకు 1,800. జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐలో యజమాని వాటా 3.25 శాతం, నెలకు 650. ఏడాదికి 29,400. అంటే జీతగాడి అసలు రాబడి 2,69,400, టార్గెట్ దాటితే వచ్చే ఇన్సెంటివ్ కాకుండా. అటువైపు, చేరిన పన్నెండు మందిలో ఇద్దరు 90 రోజుల్లోపు మానేశారనుకోండి. రీప్లేస్‌మెంట్ షరతు ప్రకారం ఆ ఇద్దరి ఫీజు పోయినట్టే, లేదా ఊరికే మరో ఇద్దరిని వెతికిపెట్టాలి. మిగిలేది 2,50,000. అందులోంచే లాప్‌టాప్, ఫోను, జాబ్ పోర్టల్ చందా. జ్వరమొస్తే ఈఎస్ఐ లేదు, ప్రసవానికి 26 వారాల జీతంతో కూడిన సెలవు లేదు.

డబ్బు మొత్తం కంటే అది వచ్చే తేదీయే అసలు సంగతి. జనవరిలో పని మొదలుపెట్టి నెలాఖరుకు ఒకరికి ఆఫర్ ఇప్పించారనుకుందాం. పాత కంపెనీలో నోటీసు 60 రోజులు. ఏప్రిల్ మొదట్లో చేరతారు. 90 రోజుల షరతు తీరేసరికి జూలై. కంపెనీ బిల్లు చెల్లించడానికి మరో 45 రోజులు. మొదటి రూపాయి ఆగస్టులో. ఏడున్నర నెలలు హాస్టల్ ఫీజు, ఇంటికి పంపే డబ్బు, చెల్లెలి చదువు ఎవరు చూస్తారు? పొలం కౌలు, ఇంటి అద్దెలు, నాన్న పెన్షన్ ఉన్న ఇంటివాడు ఆగగలడు. కూలి డబ్బుతో చదివి వచ్చినవాడు ఆగలేడు. "రిస్క్ తీసుకునే ధైర్యం" అని బిజినెస్ స్కూళ్లలో పొగిడేదానిలో సగం భూమి పట్టానే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రిక్రూటర్‌కు జీతం ఎలా వస్తుందన్నది అవతలి అభ్యర్థి కులం మీద కూడా పనిచేస్తుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే అర్హతలతో వేరువేరు పేర్ల దరఖాస్తులను ప్రైవేటు కంపెనీలకు పంపారు. ఉన్నత కుల హిందువు పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశ నిష్పత్తి 0.67 మాత్రమే. అదే ఏడాది ప్రచురించిన మరో అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీలో హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. వాళ్లు ప్రతిభే చూస్తామంటూనే కుటుంబ నేపథ్యం ముఖ్యమని చెప్పారు. మన దగ్గర ఈ ప్రశ్న "నేటివ్ ఎక్కడ? నాన్నగారు ఏం చేస్తారు?" అని వస్తుంది.

జీతం తీసుకునే రిక్రూటర్ ఈ ప్రశ్న అడగడని మేము అనడం లేదు. కానీ అతనికి పోర్టల్ కంపెనీ ఇస్తుంది, పరిచయం లేని రెజ్యూమెలనూ తిరగేస్తాడు. కమీషన్ మీద బతికేవాడికి మానేసే అభ్యర్థి అంటే 25,000 నష్టం. అందుకే తెలిసిన కాలేజీ, తెలిసిన వాట్సాప్ గ్రూపు, "మనవాళ్ల అబ్బాయి" వైపు మొగ్గడానికి అతనికి కారణం ఎక్కువ. దళిత రిక్రూటర్ ఫ్రీలాన్స్‌కు వెళితే రెండు వైపులా దెబ్బ: ఆగడానికి ఆస్తి లేదు, అమ్ముకోవడానికి పెద్ద కంపెనీల్లో చుట్టాలు లేరు.

అమెరికా స్టాఫింగ్ కంపెనీలకు హైదరాబాద్ నుంచి రాత్రి షిఫ్టుల్లో పనిచేసే రిక్రూటర్లు డబ్ల్యూ-2కూ 1099కూ తేడా అభ్యర్థులకు రోజూ వివరిస్తారు. అక్కడ ఉద్యోగి అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం యజమాని కడతాడు, కాంట్రాక్టర్ అయితే మొత్తం 15.3 శాతం తనే కట్టుకోవాలి. ఈ తేడాను బట్టే గంట రేటు పెంచి అడగమని వాళ్లే సలహా ఇస్తారు. తమ విషయంలో మాత్రం ఆ బేరం చేసే బలం వాళ్లకు లేదు.

మూడో రకం కూడా ఉంది, దాన్నే ఎక్కువగా పట్టించుకోవాలని మా అభిప్రాయం. ఆఫీసు టైముకు రావాలి, సెలవుకు అడగాలి, రోజూ ఇన్ని కాల్స్ చేయాలి. కాగితం మీద మాత్రం "కన్సల్టెంట్". టీడీఎస్ జీతం పద్దు కింద కాక వృత్తి ఫీజు పద్దు కింద కోస్తారు. ఇది ఉద్యోగి భద్రతా లేని, ఫ్రీలాన్సర్ స్వేచ్ఛా లేని పని. ఉద్యోగ సంబంధం ఉందా లేదా అన్నది కోర్టులు కాగితం మీది పేరును బట్టి కాక, అజమాయిషీ ఎవరిదో చూసి తేలుస్తాయి. కాబట్టి హాజరు, షిఫ్టు మెసేజ్‌లు, టార్గెట్ మెయిల్స్ దాచిపెట్టుకోవడం అవసరం.

నిజంగా స్వతంత్రంగానే చేస్తున్నవాళ్లు ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు, రుసుము లేదు. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సేవను అంగీకరించాక చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు రెండు వాక్యాలు రాయించుకోవాలి: అభ్యర్థి చేరిన రోజే వాటాలో కొంత చెల్లించాలి, కంపెనీయే అభ్యర్థిని తీసేస్తే రీప్లేస్‌మెంట్ షరతు వర్తించదు. విశ్వవిద్యాలయాల్లోని విద్యార్థి సంఘాలు ఇలాంటి నమూనా ఒప్పందం ఒకటి తెలుగులో తయారుచేసి, ప్లేస్‌మెంట్ సీజన్‌కు ముందే పంచితే బాగుంటుంది.