తాతల నాటి పొలం – ఎవరి తాతలు?

ఊళ్ళో ఏ కామందునైనా పలకరించండి. "మాది నాలుగు తరాల సేద్యం" అని మొదలుపెడతాడు. ముత్తాత ఎప్పుడు బావి తవ్వించాడో, తాత ఎప్పుడు బీడు కొట్టించాడో, తండ్రి ఎప్పుడు పొగాకు వేయించాడో పూసగుచ్చినట్టు చెబుతాడు. ఆయన చెప్పేది అబద్ధమని మేం అనటంలేదు. ఆ కథలో తవ్వించాడు, కొట్టించాడు, వేయించాడు అన్న మాటలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోమంటున్నాం. మరి తవ్వినోళ్ళెవరు? కొట్టినోళ్ళెవరు? వాళ్ళకీ నాలుగు తరాలున్నాయి గదా!

తాత పాలేరు, తండ్రి పాలేరు, కొడుకు పాలేరు, మనవడు అదే చేలో రోజుకూలి. ఒకే పొలానికి నాలుగు తరాలు చెమట ధారపోసిన ఈ కుటుంబాన్ని రైతు కుటుంబమని ఎవరూ అనరు. ఎందుకంటే రైతు చేలో పుట్టడు, రికార్డులో పుడతాడు. మన్రో దొర కాలంలో మద్రాసు రాజధానిలో పాతుకున్న రైతువారీ పద్ధతిలో శిస్తు కట్టేవాడే పట్టాదారు. దున్నేవాడి పేరు రాసుకోడానికి ఆ లెక్కల్లో గడి లేదు.

మన వాళ్ళకి భూమి బొత్తిగా లేదని కూడా కాదు. ఊరి చాకిరీకి కట్టిన మాన్యాలు కొన్నిచోట్ల ఉండేవి. కబురు మోయాలి, కాపలా కాయాలి, చచ్చిన గొడ్డునీడ్చాలి. చాకిరీ మానితే మాన్యం పోయేది. మహారాష్ట్రలో మహర్ల వతన్ భూములూ అంతే. ఆ కాస్త భూమి ఆశ చూపించి ఒక కులం మొత్తాన్ని ఊరికి బానిసగా కట్టేశారని అంబేడ్కర్ గుర్తించాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఆ పద్ధతిని మార్చే బిల్లు పెట్టాడు. నెగ్గనివ్వలేదు. ఆయన పోయిన తర్వాత 1958లో గానీ ఆ వతన్లను రద్దు చేసే చట్టం రాలేదు.

ఆ తర్వాత మన వాడలకు వచ్చింది డీ-ఫారం పట్టా. మెట్టయితే ఐదెకరాల లోపు, మాగాణయితే రెండున్నర లోపు. ఇచ్చింది ఎలాంటి భూమి? ఊరి పెద్దలెవరూ ఆశపడని రాళ్ళదిబ్బలు, చౌడు, వాగు కోసిన గట్లు. మా ఇంటికి ఇచ్చింది ఎకరం డెబ్భై సెంట్లు. మా తాత, నాయనమ్మ రెండు వేసవులు రాళ్ళేరి గట్టు పోశారు. మా నాన్న సర్కారు తుమ్మ వేళ్ళతో సహా పెరికి, చెరువు మట్టి అద్దె బండ్ల మీద తోలాడు. మా అమ్మ కూలికి పోయొచ్చి సందెవేళ కలుపు తీసేది. ముందు సజ్జ, తర్వాత కంది. ఆ కంది అమ్మిన డబ్బుతో కొన్న పుస్తకాలే మమ్మల్ని బడిపంతుల్ని చేశాయి. ఇదీ కుటుంబ సేద్యమే. దీనికీ చరిత్ర ఉంది. ఇందులో "చేయించాడు" అన్న మాట ఒక్కటీ లేదు.

మా వాడలో ఇలా పట్టాలొచ్చిన కుటుంబాల్లో ఈనాడు తమ చేలో తాము దిగగలిగేవి సగం కూడా లేవు. ఎలా పోయాయో అందరికీ తెలుసు. పిల్ల పెళ్ళి, ఆస్పత్రి ఖర్చు, కరువు. కామందు దగ్గర చిన్న అప్పు, ఒక తెల్లకాగితం, దాని మీద ఒక వేలిముద్ర. "రెండేళ్ళు నేను చేసుకుంటాలే" అన్నవాడు ఇరవై ఏళ్ళు చేసుకున్నాడు. అడంగల్లో అనుభవదారు గడిలో తన పేరు రాయించుకున్నాడు. 1984లో కరణాలు పోయారు గానీ ఆ గడి రాయించుకునే తెలివి పోలేదు.

చట్టం లేకనా? 1977 నాటి 9వ నంబరు చట్టం ఉంది. అసైన్డు భూమి అమ్మకం చెల్లదంది. చట్టం రాకముందు జరిగిన అమ్మకం కూడా చెల్లదంది. కొన్నవాణ్ణి ఖాళీ చేయించి, పట్టాదారుకు గానీ వారసులకు గానీ తిరిగి అప్పగించే అధికారం రెవెన్యూవాళ్ళకిచ్చింది. ఒక్క సందు మాత్రం వదిలింది. చట్టానికి ముందు మంచి నమ్మకంతో డబ్బిచ్చి కొన్న భూమిలేని పేదను కదిలించొద్దంది. ఆ సందులోంచి దూరాలని చూసిన పేదల్లో ట్రాక్టర్లున్న పేదలు కూడా ఉన్నారు!

ఇప్పుడు కొత్త మాట వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఈ చట్టాన్ని సవరించారు. పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటితే పట్టాదారుడో వారసులో అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక, అలా విడుదల చేసినవాటిలో అక్రమాలు జరిగాయని రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. ఈ గొడవలో మన వాడ కుర్రాళ్ళు ఒక ప్రశ్న అడుగుతున్నారు. "రెడ్డిగారు, చౌదరిగారు తమ పొలం అమ్మి కొడుకుని డాక్టరు చదివించుకోవచ్చు. మనం మాత్రం అమ్మకూడదా? మనమేమన్నా మైనర్లమా?"

న్యాయమైన ప్రశ్న. దాన్ని కసిరి నోరు మూయించే హక్కు ఏ నాయకుడికీ లేదు. అమ్మకూడదన్న షరతొక్కటే భూమిని కాపాడదని కూడా మనకు తెలుసు. 1892లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ నివేదిక దరిమిలా మద్రాసు ప్రభుత్వం అంటరాని కులాలకు భూములిచ్చింది. వేరే కులాలకు అమ్మరాదని షరతూ పెట్టింది. తమిళనాట ఆ పంచమి భూముల్లో చాలా భాగం వేరే కులాల చేతికే పోయింది.

అయినా మేం అడిగేది వేరు. అమ్ముకునే హక్కు ఎవరికి అక్కరకొస్తుంది? చేలో ఉన్నవాడికా, చేను పోగొట్టుకున్నవాడికా? భూమి కామందు కింద ఉండి, పట్టా మన ట్రంకుపెట్టెలో ఉంటే, ఆ హక్కు వచ్చిన మర్నాడే ఏమవుతుంది? కామందు మన గుమ్మంలోకొచ్చి, పాత తెల్లకాగితం చూపించి, చేతిలో నాలుగు డబ్బులు పెట్టి రిజిస్ట్రారాఫీసుకు తీసుకుపోతాడు. నలభై ఏళ్ళుగా చెల్లని కాగితం ఆ పూట చెల్లిపోతుంది. హక్కు మన పేరున వస్తుంది, భూమి వాడి పేరున పోతుంది.

అమ్ముకోలేకపోతే విలువే లేదన్న మాట కూడా సగమే నిజం. బ్యాంకుకీ, సహకార సంఘానికీ తాకట్టు పెట్టుకోడానికి 1977 చట్టం అడ్డురాదు. ప్రభుత్వం భూమి తీసుకుంటే అసైన్డు రైతుకూ పట్టా రైతుతో సమానంగా నష్టపరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. అంత చెప్పినా అమరావతిలో 2015లో భూసమీకరణ మొదలైనప్పుడు పట్టా భూమికిచ్చినంత అసైన్డు భూమికి ఇవ్వజూపలేదు. అంటే తక్కువ చేస్తున్నది చట్టం ఒక్కటే కాదు, మనల్ని చూసే చూపు.

కాబట్టి మా మాట ఇది. ముందు స్వాధీనం, తర్వాతే అమ్మకం. పోయిన ప్రతి సెంటూ 1977 చట్టం కింద వారసులకు తిరిగి రావాలి. వచ్చాక పూర్తి హక్కు ఇవ్వండి, కాదనం. ఒకవేళ ఎవరైనా అమ్ముకోవాల్సొస్తే ముందు మన వాడలోనే భూమిలేని కుటుంబం కొనేలా ప్రభుత్వం డబ్బు సర్దాలి.

ఇది అర్జీ పెట్టి ఇంట్లో కూర్చుంటే వచ్చేది కాదు. ప్రతి వాడలో నలుగురు చదువుకున్న పిల్లలు కూర్చోండి. ఇంటింటి డీ-ఫారం పట్టా తీయించి తేదీ చూడండి. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18కి ముందిచ్చిన పట్టాలకు అమ్మకూడదన్న షరతు లేదు, వాటి దారి వేరు. తహసీల్దారు ఆఫీసులో అడంగల్, అసైన్‌మెంటు రిజిస్టరు నకళ్ళు అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. పట్టాదారు చనిపోయుంటే వారసుల పేర్లెక్కించండి, ఆడపిల్లల పేర్లతో సహా. ముసలివాళ్ళని కూర్చోబెట్టి, ఎవరు రాళ్ళేరారు, ఎవరు గట్టుపోశారు, ఏ ఏడు ఏ పంట వేశారు, ఏ ఏడు ఎవరి చేతికి పోయింది, అంతా నోటుపుస్తకంలో రాయండి. అధికారి ముందు విచారణకు నిలబడ్డ రోజున ఆ పుస్తకం మాట్లాడుతుంది.

కామందుల తాతల కథ కరణం రాసిపెట్టాడు. మన తాతల కథ మనమే రాసుకోవాలి. రాసి, ఆ సర్వే నంబర్లు పట్టుకుని అందరం కలిసి చేలో దిగాలి.